అరవై మూడో పేజీ

యావోర్నిక్,
ఫిబ్రవరి 9, ఆదివారం

హాంకా,

మీ తాత సమాధి రాయి మీద ఏ అంకె చెక్కి ఉందో చెప్పగలవా? ఈ ఉత్తరం బల్ల మీద బోర్లించి, కళ్ళు మూసుకుని చెప్పు. చెప్పలేకపోతే ముందు సిగ్గుపడు, తర్వాత చదువు.

మెయిల్ కాకుండా పోస్టులో పంపుతున్నాను. మెయిలైతే వేలితో తుడిచేస్తావు. కాగితమైతే చింపాలి, చింపితే చప్పుడవుతుంది, ఆ చప్పుడు నువ్వు వినాలి. యూదా రాజొకడు ప్రవక్త రాయించిన చుట్టను కత్తితో కోసి కుంపట్లో వేశాడు. వాడికైనా తను ఏం చేస్తున్నాడో తెలుసు. నీకు అదీ తెలియదు.

గురువారం తేనెటీగల మిహాల్ గ్లుజాను మట్టి చేశాం. పాస్టరుగారు జ్వరంతో పడకేశారు కనుక వాక్యం చెప్పిందీ, పాట ఎత్తిందీ నేనే. గ్లుజా వాళ్ళ ఇంటి పేజీ రెండువందల పన్నెండు. చెప్పాను. సగంమంది చేతుల్లో పాత పుస్తకాలు. మిగతా సగం చేతుల్లో నేను జనవరిలో అచ్చు వేయించి, బైండింగు చేసే ఎవా చేత నల్లగుడ్డ అట్టలు కుట్టించిన కొత్తవి. పాతవాళ్ళు "చీకటి లోయ దాటించు కాపరీ" అని మొదలుపెట్టారు. కొత్తవాళ్ళు "ఈ పసికందును నీ ఒడిలోకి తీసుకో ప్రభూ" అని అందుకున్నారు. బాప్తిస్మం పాట! ఎనభై దాటిన, ఎలుగుబంటిలాంటి మనిషి శవపేటిక మీద! బాకాలవాళ్ళు ఎవరి పక్షాన ఊదాలో తెలియక చేతులు దించేశారు. అప్పుడు గ్లుజా భార్య హెలెనా కళ్ళు తుడుచుకుంటూ నా చెవిలో అంది: "యూరా, మా ఆయన పుట్టినప్పుడు కూడా అంత చిన్నగా లేడట." చుట్టుపక్కలవాళ్ళకు వినబడింది. సమాధి గుంట అంచున నవ్వారు, హాంకా. నవ్వారు!

ఇంటికొచ్చి రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూశాను. అరవై రెండు వరకు అంతా సరిగ్గానే ఉంది. తెల్లగా ఉండాల్సిన అరవై మూడు మాయం. అక్కడి నుంచి ప్రతి పాటా తన చోటు వదిలి జరిగిపోయింది.

క్రిస్మస్‌కి వచ్చావు. చేప తిన్నావు, తేనె రాసిన పలచరొట్టె విరిచి పెద్దమ్మతో పంచుకున్నావు. ఆ తర్వాత నా లాప్‌టాప్ ముందేసుకుని, "మామయ్యా, మీ లినక్స్ ముసలిదైపోయింది, అప్‌గ్రేడ్ చేసేస్తా" అన్నావు. నేను ముచ్చటపడ్డాను. నా మేనకోడలు బ్ర్‌నోలో కూర్చుని అక్షరాలు పేర్చే ప్యాకేజీలన్నీ లోకానికి అందిస్తుందని సంఘంలో చెప్పుకున్నాను కూడా. ఆ రోజు పేజీలను చోటు కదలనివ్వని, నా పుస్తకానికి వెన్నెముక అయిన ‘స్ట్రోనా’ ప్యాకేజీ నా ఇంట్లోంచి పోయింది. పోతూ ఒక్క ఎర్రక్షరం చూపించలేదు, ఒక్క మాట చెప్పలేదు. దొంగ కూడా కిటికీ పగలగొడతాడు.

మన పాటలకు వరుస సంఖ్యలు లేవని నీకు మళ్ళీ చెప్పాలా? రాజుగారి మనుషులు మన పుస్తకాలు తగలబెట్టిన రోజుల్లో ఈ పుస్తకం కొండ అవతల నుంచి ఒక్కో ఆకుగా వచ్చింది. గడ్డిమోపుల్లో, జున్ను డబ్బాల్లో. ఒక్కో ఇల్లు ఒక్కో ఆకు దాచింది. ఎవరింట ఏ పాట ఉందో పేజీ అంకెతోనే చెప్పుకున్నారు. అందుకే ఈ ఊళ్ళో మనిషి పోతే రాయి మీద ఇంటి పేజీ చెక్కుతాం. ఆ అంకె కేవలం అంకె అనుకున్నావా?

జవాబు రాయి. పోస్టులో.

నీ మేనమామ,
యూరా బుయోక్


బ్ర్‌నో,
ఫిబ్రవరి 16

మామయ్యకు వందనాలు.

నూట నలభై ఏడు. కళ్ళు మూసుకునే చెప్పాను. ఇప్పుడు నన్ను నరకం గుమ్మం నుంచి రెండడుగులు వెనక్కి లాగండి.

గ్లుజా తాత సంగతి చదివి నేనూ నవ్వాను, ఆ తర్వాత ఏడుపొచ్చింది. తప్పు ఎక్కడుందో చూశాను, చెబుతాను, తిట్టకుండా వినండి.

పుస్తకం పేర్చడానికి మీరు వాడే టెక్ ఒక ప్రోగ్రాం కాదు, వేల ప్యాకేజీల సంత. ఒకటి ఫుట్‌నోట్లు చూస్తుంది, ఒకటి సంగీత స్వరాలు రాస్తుంది, ఒకటి గ్రీకు అక్షరాలు. ఒక్కోదాన్ని ఎవరో ఒకరు ఎప్పుడో రాసి పెట్టారు. వాటిని మా డిస్ట్రిబ్యూషన్‌లో, అంటే మేం కట్టి అందరికీ పంచే లినక్స్ మూటలో, చేర్చాలంటే ప్రతిదానికీ పేరున్న మనిషి ఒకరు కావాలి. కొత్త వెర్షన్ వస్తే కట్టేది, విరిగితే అతికేది ఆ మనిషే. స్ట్రోనాను రాసిందీ, చూసుకున్నదీ మారిబోర్‌లో ద్రాగో పెచ్నిక్ అనే పెద్దాయన. ఆయన పోయారు. చూసేవాళ్ళు లేని ప్యాకేజీని మేం అనాథ అంటాం. మెయిలింగ్ లిస్టులో అడిగాను: ఎవరైనా వాడుతున్నారా, ఎవరైనా తీసుకుంటారా? మూడుసార్లు అడిగాను. ఎవరూ పలకలేదు. పలకకపోతే తీసేయడం పద్ధతి. తీసేసి, ఇకనుంచి దాని స్థానంలో ఫలానా కొత్త ప్యాకేజీ వస్తుందని ఒక్క లైను రాశాను. అందుకే మీకు ఎర్రక్షరం కనబడలేదు. ఆ కొత్తది ఎక్కడ ఖాళీ పేజీ కనిపించినా పొరపాటనుకుని మూసేస్తుంది.

దీనికి అంత ఆర్భాటం అక్కర్లేదు. అరవై మూడు దగ్గర ఖాళీ వదలమని ఒక లైను రాయండి. లేదంటే పేజీ అంచులో పాత అంకె చిన్నగా వేయండి, పెద్ద పెద్ద ముద్రణాలయాలే అలా చేస్తాయి. ఇది లోపమే అంటారా, అయితే మా వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టండి. అందరూ చేసేది అదే. మామయ్య అని చెప్పి ప్రత్యేక తలుపు తెరవలేను.

ఇంకొక్క మాట. అచ్చుకి పంపేముందు మీరు చివరిదాకా తిరగేసి చూడలేదా?

ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. ట్రాముల్లో అందరికీ దగ్గులే. పెద్దమ్మకు ముద్దులు.

మీ కొంటె మేనకోడలు,
హాంకా


యావోర్నిక్,
మార్చి 2, ఆదివారం

హాంకా,

నువ్వు చెప్పినట్టే అరవై మూడు దగ్గర ఖాళీ పెట్టాను. తొంభై ఒకటి కదిలింది. తొంభై ఒకటి సరిచేశాను. నూట నాలుగు కదిలింది. ఈ పుస్తకంలో ఎన్ని చోట్ల కాగితం సగంలో ఆగిపోయిందో నీకు గుర్తుందా? సిరా అయిపోయి ఆపినవాడొకడు, గుమ్మం ముందు గుర్రాల చప్పుడు విని ఆపినవాడొకడు. ఆ సగాల్ని సగాలుగానే ఉంచేది స్ట్రోనా. నీ కొత్త ప్యాకేజీ ఖాళీ కనబడితే చాలు, కిందిదాన్ని ఈడ్చి పైన కుక్కుతుంది. బియ్యం బస్తా అనుకుందా?

అంచులో పాత అంకె వేయాలా? జుజన్నా పెద్దమ్మకు కళ్ళు కనబడక ఎన్నేళ్ళయింది? ఆమె వేలితో పుస్తకం మందం చూసుకుని తెరుస్తుంది, ఎడమవైపు పైన మొదటి చరణం ఉందని తెలిసి పాడుతుంది. అంచులో గోరంత అంకె ఆమెకెందుకు? పోనీ, సమాధుల్లో ఉన్నవాళ్ళకు పాత అంకెకు కొత్త అంకె ఏదో చెప్పే పట్టిక ఒకటి వేలాడదీయమంటావా?

మొదటి యాభై పేజీలు చూశాను. అవి సరిగ్గా ఉంటే మిగతావీ ఉంటాయని నమ్మాను. పదేళ్ళుగా ఉన్నాయి కనుక నమ్మాను. నమ్మినవాడిని దోషి అంటావు, నమ్మకం కింద గోతులు తవ్వినవాళ్ళను పద్ధతి అంటావు.

ఫిర్యాదు పెట్టమన్నావు, పెట్టాను. మూడు పేజీలు రాశాను. విధవరాలు ఒకతె అన్యాయపు న్యాయాధిపతి తలుపు విడవకుండా తట్టిన సంగతితో మొదలుపెట్టాను, మర్యాద తప్పలేదు. మర్నాడు జవాబొచ్చింది: "ఇది లోపం కాదు. సరిచేయం. దయచేసి మతబోధ ఇక్కడ వద్దు." కింద పేరు లేదు, ‘టెక్ ప్యాకేజీల బృందం’ అని మాత్రం ఉంది. ఆ బృందంలో నాకు తెలిసింది నువ్వొక్కదానివే. పేరు పెట్టడానికి కూడా ముఖం చెల్లలేదా అమ్మాయ్?

నువ్వు గుడికి రావడం మానేశావు, నేనెప్పుడూ నిలదీయలేదు. కానీ నువ్వు కూర్చోని బల్ల మీద వేరేవాళ్ళు కూర్చుంటున్నారు. ఆ బల్ల కాళ్ళు కోయమని నీకు జీతమిచ్చేవాళ్ళు చెప్పారా? కంపెనీ ఏం చెబితే అది చేసేస్తావా? అనాథ అని పేరు పెట్టారట, పేరు పెట్టి వీధిలోకి తోశారట! అనాథల్ని పరామర్శించడమే నిజమైన భక్తి అని అపొస్తలుడు రాస్తే, మీ కంపెనీ దాన్ని తిరగేసి చదివినట్టుంది.

పెద్దమ్మ రాయి సిద్ధమైంది. మీ తాత పక్కనే. నూట నలభై ఏడు చెక్కించింది, సంవత్సరం మాత్రం ఖాళీ. "యూరా, నా మీద ఏ పాట పాడతారో చూడు" అంటోంది. నీ కొత్త ప్యాకేజీ లెక్కన నూట నలభై ఏడులో ఏముందో తెలుసా? పంట ఇంటికొచ్చినందుకు కృతజ్ఞత. బంగాళాదుంపల పాట.

కోపంతోనే,
యూరా


బ్ర్‌నో,
మార్చి 9

మామయ్యా,

ఆ జవాబు రాసింది నేను కాదు. మా బృందం అంటే ముగ్గురం. ఒకాయన లిస్బన్‌లో ఉంటాడు, ఆయన రాశాడు. అదే వారం ఆయనకు మీలాంటి ఉత్తరాలు ఇంకెన్నో వచ్చాయి, వాటిలో బూతులున్నాయి. మీ దాంట్లో న్యాయాధిపతి ఉన్నాడు. ఆయనకు తేడా తెలియలేదు. మతబోధ అన్నందుకు నేను ఆయనతో పోట్లాడాను, ఆ సంగతి మీకు రాయక్కర్లేదనుకున్నాను.

కంపెనీ అంటున్నారు, జీతం అంటున్నారు. ఏ కంపెనీ? నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ట్రాము టికెట్ల యంత్రాలు రిపేరు చేస్తాను, నా జీతం అది. ప్యాకేజీల పని ఇంటికొచ్చాక చేసేది. చేసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు. నా పేరు మీద రెండొందలకు పైగా ప్యాకేజీలున్నాయి. ఏడాదికోసారి టెక్ మొత్తం కొత్తది వస్తుంది. వస్తే అన్నిటినీ మళ్ళీ కట్టి, ఒకదాని కాలు ఇంకోదానికి తగలకుండా సర్దాలి. పెళ్ళి చేసుకోవా అని మీరే అడుగుతుంటారు కదా, ఈ రెండొందల మంది పిల్లలతో నన్నెవడు చేసుకుంటాడు?

బల్ల కాళ్ళు కోశానన్నారు. ఆ మాట రెండుమూడుసార్లు చదివాను.

నేను గుడి మానేసింది మీ పాటల మీద కోపంతో కాదు. ఆదివారం ఒక్కటే నాకు మిగిలిన రోజు. ఆ ఆదివారాలు ఇలాంటి ఉత్తరాలకు పోతున్నాయి.

పెద్దమ్మ ఇంకా ఇరవయ్యేళ్ళు ఉంటుంది. క్రిస్మస్‌కి నా ప్లేట్లో దుంప అట్లు నేను వద్దంటున్నా వేస్తూనే ఉంది. ఆవిడ రాయిని అడ్డం పెట్టుకుని నన్ను బెదిరించకండి. పుస్తకానికి తొందరేమీ లేదు. శరదృతువు దాకా ఆగండి, వీలైతే చూస్తాను.

ఈస్టర్‌కి రాలేను.

హాంకా


యావోర్నిక్,
మార్చి 16, ఆదివారం

హాంకా,

ఇరవయ్యేళ్ళు అన్నావు. డాక్టరు ఈస్టర్ అన్నాడు.

జనవరి నుంచి గుండె నీరసించింది. కాళ్ళు వాచాయి. నీకు రాయొద్దని నా చేత బైబిలు మీద చెయ్యి వేయించింది. ఇప్పుడు ఆ చేత్తోనే రాస్తున్నాను, ప్రభువు లెక్క చూసుకుంటాడు. దుంపట్లు వేసింది నిజమే. అవి పోసినంతసేపూ పొయ్యి అంచు పట్టుకుని నిలబడిందని నువ్వు చూడలేదు, నేను చూశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు వంటింట్లో నేను అరుస్తున్నాను. లోపలి గదిలోంచి పిలిచింది.

"ఏంట్రా యూరా, ఎవరి మేకలు దారి తప్పాయి?"

"మేకలు కాదక్కా. మన హాంకా. రాయిని అడ్డం పెట్టుకుని బెదిరిస్తున్నానట!"

"పెట్టుకుంటున్నావుగా. చదువు వింటాను. నీ గొంతు వద్దు, దాని గొంతుతో చదువు."

నీ ఉత్తరాలు రెండూ చదివాను. బృందం అంటే ముగ్గురే అన్నచోట ఆపింది. రెండొందల పిల్లలన్నచోట నవ్వి, దగ్గొచ్చి, నీళ్ళడిగింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"మూడుసార్లు అడిగిందట కదరా. నువ్వెందుకు పలకలేదు?"

"ఆ లిస్టు ఎక్కడుంటుందో నాకేం తెలుసక్కా?"

"అరవై మూడు వాళ్ళ గురించి ఊరు కూడా అదే అంది. మాకేం తెలుసని."

ఆ పేజీ ఎందుకు ఖాళీయో ఎలుకలు తిన్నాయనే విన్నాను నేను, నువ్వూ అదే విన్నావు. పెద్దమ్మ వేరే చెప్పింది. ఆమెకు వాళ్ళ అవ్వ చెప్పిందట. అరవై మూడో ఆకు శిఖరం కింద ఉండే స్టెట్స్ వాళ్ళింట, పిండి తొట్టి కింద ఉండేది. ఈస్టర్ ముందు శ్రమదినాల్లో ఊరంతా ఆ పాట పాడేది. ఒక చలికాలం ఆ ఇంటి పొగ ఆగిపోయింది. కింద నుంచి అందరికీ కనబడుతుంది, పొగ లేదని. మంచు ఎక్కువగా ఉంది, ఎవరో ఒకరు వెళ్ళి ఉంటారులే అనుకున్నారు. వసంతంలో ఎక్కి చూస్తే పైకప్పు కూలి ఉంది. మనుషులూ లేరు, ఆకూ లేదు. పాట గుర్తున్నవాళ్ళు తలా ఒక రకంగా చెప్పారు, ఏది నిజమో తేలలేదు. అప్పటి పెద్దలు ఆ పేజీని ఖాళీగా ఉంచమన్నారట.

"అందరికీ ఆ పాట కావాలి, ఆ ఇల్లు ఎవరికీ అక్కర్లేదు. ఆ తెల్లకాగితం మన సిగ్గురా. దాన్ని మూసేయనివ్వకు" అంది. మళ్ళీ అంది: "ఆ పిల్లని తిట్టకు. కొండెక్కి తలుపు తట్టినది అదొక్కతే. మీరెవరూ లోపల్నుంచి పలకలేదు."

హాంకా, నా కోపం చల్లారిందనుకోకు. అది ముఖం తిప్పుకుంది, అంతే. ముగ్గురా? ఈ లోకంలో విశ్వవిద్యాలయాలు సిద్ధాంత గ్రంథాలు ముద్రిస్తాయి, ప్రచురణకర్తలు లెక్కల పుస్తకాలు అమ్ముకుంటారు, మనలాంటి గుళ్ళు పాటల పుస్తకాలు కుట్టుకుంటాయి. అందరూ ఆ ముగ్గురి భుజాల మీద నడుస్తున్నారా? భుజం కదిలితే మాత్రం బూతులు రాస్తారా? గాయపడి దారిలో పడున్నవాణ్ణి చూసి అవతలి పక్కగా పోయిన యాజకుడూ, లేవీయుడూ వీళ్ళ కన్నా నయం. వాళ్ళు కనీసం ఆ మనిషి భుజమెక్కి పోలేదు. నెహెమ్యా కాలంలో కూలిన గోడను ఎవరింటి ఎదుట వాళ్ళు కట్టుకున్నారు, కంసాలీ కట్టాడు, అత్తరు అమ్మేవాడూ కట్టాడు. ఇవాళ ఇటుక పట్టుకోకుండా గోడ వంకరగా ఉందని అరుస్తున్నారు. ఆ అరిచేవాళ్ళలో నేనొకణ్ణి. ఆ వరుసలోంచి బయటికి రావడానికి ఏం చేయాలో చెప్పు.

ఇటుక ఎక్కడుంది?

యూరా


బ్ర్‌నో,
మార్చి 19

మామయ్యా,

ఇంత పెద్ద సంగతా మీరు నాకు ఇన్నాళ్ళు చెప్పనిది? పాటల పుస్తకం గురించి పేజీలకు పేజీలు రాశారు, మనిషి గురించి ఒక్క పంక్తి రాయలేదు! మీతో నాకు పోట్లాట ఉంది, అది ఎదురుగా నిలబడి పోట్లాడతాను. శుక్రవారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను. పెద్దమ్మకు చెప్పకండి, చెబితే దుంపట్లు పోయడానికి లేస్తుంది.

ఇప్పుడు ఇటుక సంగతి.

నేను రాసిన ఆ ఒక్క లైను తీసేశాను. ఇకమీదట స్ట్రోనా స్థానంలో ఇంకేదీ దొంగచాటుగా దూరదు. ఆ లైను నేను రాయకుండా ఉండాల్సింది. తీసేయడం పద్ధతే, కానీ వెళ్ళిపోయిందని చెప్పకుండా వేరేదాన్ని దాని కుర్చీలో కూర్చోబెట్టడం పద్ధతి కాదు. ద్రాగో రాసినదాన్ని ఈ ఏటి టెక్ మీద మళ్ళీ కట్టి చూశాను. రెండు చోట్ల విరిగింది, అతికాను. మీ పుస్తకం పెట్టి నడిపాను. అరవై మూడు తెల్లగా ఉంది. నూట నలభై ఏడు నూట నలభై ఏడులోనే ఉంది.

కానీ నేను ఒక్కదాన్నే అతికితే చాలదు. ఒకసారి తీసేసినదాన్ని వెనక్కి తేవాలంటే ఇద్దరు మనుషులు పేరు పెట్టాలి. ఒకటి నాది. రెండోది కావాలి. పేరు పెట్టడమంటే సంతకం చేసి మర్చిపోవడం కాదు. వచ్చే ఏడు టెక్ మారితే మళ్ళీ కట్టాలి. ప్లోవ్‌డివ్‌లో ఎవడికో పేజీ తప్పితే, తిట్టు మీకొస్తుంది. ఆ తిట్టుకు మర్యాదగా జవాబు రాయాలి. మర్యాదగా, మామయ్యా. మూడు పేజీలు కాదు.

ఆ తర్వాత అది పరీక్షలో ఉంటుంది. బయటివాళ్ళు ముగ్గురు వాడి చూసి, పని చేస్తోందని చెప్పాలి. ఆ ఓటును మా దగ్గర కర్మ అంటారు, నవ్వకండి. ఏప్రిల్ 8 సాయంత్రానికి ముగ్గురూ చెప్పకపోతే ఈసారి విడుదలలో దానికి చోటుండదు. మీ లాప్‌టాప్‌లో నేను చేత్తో పెట్టేస్తాను, మీ పుస్తకం ఆగదు. కానీ వచ్చే అప్‌గ్రేడ్‌కు మళ్ళీ ఇదే కథ, మీ ఇంట్లోనూ, వాడే ప్రతి ఇంట్లోనూ.

ఇటుక ఇదే. బరువుంటుంది. ఆలోచించుకోండి.

శుక్రవారం కలుద్దాం.

మీ హాంకా


యావోర్నిక్,
ఏప్రిల్ 8, మంగళవారం

హాంకా,

ఈసారి పోస్టు కాదు, మెయిల్. చప్పుడు అక్కర్లేదు, వేగం కావాలి.

నువ్వు బస్సెక్కి వెళ్ళినప్పటి నుంచి ఇల్లు బోసిగా ఉంది. పెద్దమ్మ మంచం మడిచేశాను. రోజూ అటు వెళ్ళి, ఎందుకొచ్చానో మర్చిపోయి వెనక్కి వస్తున్నాను. నిన్న హెలెనా గ్లుజా తేనె సీసా తెచ్చిచ్చింది. "యూరా, ఈసారి అందరూ ఒకే పాట పాడారు. మా ఆయనకు బాకీ పడ్డారు మీరు" అంది. బాకీ తీరుస్తామన్నాను. వేసవిలో గ్లుజా సమాధి దగ్గర రెండువందల పన్నెండు మళ్ళీ పాడతాం, బాకాలతో సహా.

నూట నలభై ఏడు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. శనివారం పెద్దమ్మ గుంట పక్కన నిలబడి ఆ అంకె చెప్పినప్పుడు, పాత పుస్తకాలూ, స్ట్రోనాతో మళ్ళీ అచ్చు వేయించిన కొత్త పుస్తకాలూ ఒకే చోట తెరుచుకున్న చప్పుడు విన్నాను. నువ్వూ విన్నావు, నా మోచెయ్యి పట్టుకున్నావు. "పొద్దు వాలింది, గుమ్మంలో దీపం పెట్టు" అని అందరూ ఒకేసారి ఎత్తారు. నువ్వు పాడావు. చూశాను, కానీ ఏమీ అనను. అంటే మళ్ళీ మానేస్తావు.

నా పేరు పెట్టాను. స్ట్రోనా కింద ఇప్పుడు యూరా బుయోక్ అని ఉంది. పెట్టిన మూడో రోజే ఒకడు తిట్టాడు. వాడి పట్టిక పక్కకు జరిగిందట. మూడు పంక్తుల్లో మర్యాదగా జవాబు రాశాను. అది రాయడానికి పొద్దున్నంతా పట్టింది.

కర్మ సంగతి. సంఘంలో చెబితే ముసలి కుబాలా, "మన భాషలో ఆ మాటకు కోళ్ళ దాణా అని కదా అర్థం, ఎంత వేయాలట?" అన్నాడు. నవ్వులాట అయింది. కానీ ఇప్పుడు చూశాను, ఇద్దరే పలికారు. పోర్టోలో రైలు వేళల పట్టికలు అచ్చువేసే ఆవిడ ఒకతె, "తొమ్మిదేళ్ళుగా వాడుతున్నాను, చెప్పాలని తెలియదు" అని రాసింది. టార్టూలో ఒక పంతులుగారు పని చేస్తోందన్నారు. మూడోవాడు లేడు. నేను వేద్దామంటే, చూసుకునేవాడి ఓటు చెల్లదంటోంది మీ యంత్రం. నువ్వు వేసినా చెల్లదు. పేరు పెట్టనన్నాళ్ళూ నా మాటకు విలువుంది, వాడుకునేవాణ్ణి కనుక. పేరు పెట్టి మోయడం మొదలెట్టాక విలువ పోయింది! ఏం న్యాయం ఇది? తర్వాత పోట్లాడతాను. సాయంత్రానికి తలుపు మూస్తారు.

అందుకని కింద రాసింది నీ లిస్టులో పెట్టు. వాళ్ళ భాషలోకి నువ్వే మార్చు. మతబోధ అని ఎవరైనా అంటే నా పేరు చెప్పు. ఒక్క మాట కూడా మెత్తబరచకు.

"ఇది చదివే మీరందరూ వినండి. నేను కొండల్లో ఉండే ఒక ముసలివాణ్ణి. తగరపు పని చేసుకుని బతికాను. ఆదివారాలు వాక్యం చెబుతాను. రెండు నెలల క్రితం మీలో ఒకరిని తిట్టాను, నా పుస్తకం చెడగొట్టారని. ఆ పుస్తకం నిలబడింది ఎవరో మారిబోర్ పెద్దమనిషి ఓపిక మీద. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆయన పేరైనా నాకు తెలియదు. మీలో ఎందరికి తెలుసు? మీ సిద్ధాంత గ్రంథంలో, మీ పట్టికలో, మీ ప్రార్థన పుస్తకంలో ప్రతి అక్షరాన్నీ దాని చోట నిలబెడుతున్నది ఎవరో ఒక్కసారైనా అడిగారా? అప్‌గ్రేడ్ సాఫీగా జరిగితే యంత్రం గొప్పదన్నారు. ఆగితే మనిషిని తిట్టారు. స్వస్థత పొందిన కుష్ఠరోగులు పదిమందిలో తొమ్మిదిమంది వెనక్కి తిరిగి చూడలేదు. ఆ తొమ్మిదిమంది ఈ లిస్టులో ఉన్నారు, చదువుతున్నారు, పలకడం లేదు.

మా లోయలో ఒకసారి ఒక ఇంటి పొగ ఆగింది. అందరూ చూశారు. ఎవరో ఒకరు వెళ్ళి ఉంటారులే అనుకున్నారు. ఎవరూ వెళ్ళలేదు. మా పుస్తకంలో అరవై మూడో పేజీ అందుకే తెల్లగా ఉంటుంది, ఎప్పటికీ తెల్లగానే ఉంటుంది. ఆ పక్కన ఇంకొకటి తెల్లబడనివ్వను.

స్ట్రోనాకు ఒక్క గొంతు తక్కువైంది. ఈ సాయంత్రం తలుపు మూసుకుంటుంది. మీ లాప్‌టాప్ ఇప్పుడే తెరవండి. మీ పుస్తకం దాని మీద నడపండి. పేజీ తన చోట ఉంటే, ఉందని ఒక్క మాట రాసి, కింద మీ పేరు పెట్టండి. అది అయ్యాక ఆగకండి. మీరు రోజూ వాడే ప్యాకేజీల్లో పొగ ఆగిన ఇల్లు ఏదో చూసి, వెళ్ళి ఆ తలుపు తట్టండి. రేపు కాదు, వచ్చే విడుదలకు కాదు. ఇవాళ, చీకటి పడకముందే కొండెక్కండి."

యూరా బుయోక్,
నూట నలభై ఏడో పేజీ ఇల్లు